ఎడమ చేత్తో గీసిన రెండు దేశాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. ఆ మ్యాపు తప్పని నాకు తెలిసింది మంగళవారం ఉదయం కాదు. అంతకు మూడు రోజుల ముందే, శనివారం మధ్యాహ్నం తెలిసింది. మా మేడంతో సహా ఆఫీసులో అందరూ ఇప్పటికీ మంగళవారమనే అనుకుంటున్నారు. నా డైరీలో ఆ శనివారం పేజీలో ఒక్క మాటే ఉంది: ‘చెప్పాలి’. ఏం చెప్పాలో రాయలేదు. డైరీకి కూడా చెప్పకుండా దాచిపెట్టానన్నమాట.

చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే ఒక చిన్న సంస్థలో నేను మూడేళ్లు పనిచేశాను. చిక్కడపల్లిలో ఒక సందు. కింద జిరాక్సు, బైండింగు దుకాణం. పైన మా రెండు గదులు. ఒక గదిలో సంస్థ నడిపే మేడం బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు నల్లబల్ల. రెండో గది గోడలకు పాత బొంతలు వేలాడదీసి, మధ్యలో మైకు పెట్టి, దాన్ని స్టూడియో అనేవాళ్లం. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలకు చదివేవాళ్లలో చూపులేనివాళ్లు పదిపన్నెండు మంది మా దగ్గరికి వచ్చేవారు.

నలుగురి ముందు నాకు మాట పెగలదు. ఎవరైనా ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగితే, ఎంత తొందరగా జవాబు చెప్పి పక్కకు తప్పుకుందామా అన్నదే నా ఆలోచన. బొంతల గదిలో మాత్రం గంటల తరబడి చదవగలిగేదాన్ని. వినేవాళ్లు ఎదురుగా ఉండరు కదా. కానీ వాళ్లు వినే తీరు నాకు ఆలస్యంగా అర్థమైంది. ఫోన్లో రెట్టింపు వేగం పెట్టుకుని కూడా నా గొంతులో ఉన్నదంతా ఏరుకునేవాళ్లు. "అక్కా, నిన్న ఎకానమీ మూడో పాఠం ఆకలి మీద చదివినవ్ గదా?" అనేవాళ్లు. "ఐదో పాఠంల జలుబు మొదలైంది, ఏడో పాఠానికి తగ్గింది" అనేవాళ్లు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, కొంచెం భయంగా.

రికార్డింగులతో పాటు తడిమి చూసే మ్యాపులు తయారుచేయడం కూడా నా పనే. దాని పద్ధతి ఒక్క ముక్కలో చెబుతాను, ఎందుకంటే జరిగిందంతా దాని మీదే నడిచింది. అట్లాసులోని మ్యాపును ట్రేసింగు కాగితం మీద దింపుకోవాలి. రబ్బరు చాప మీద దళసరి కాగితం పరిచి, దాని మీద ట్రేసింగు కాగితం పెట్టి, దర్జీలు గుడ్డ మీద గుర్తులు పెట్టే పళ్ల చక్రంతో గీతల వెంట నొక్కుతూ పోవాలి. నొక్కిన వైపు గుంటలు పడతాయి, అవతలి వైపు చుక్కలు పైకి లేస్తాయి. పిల్లలు వేళ్లతో చదివేది అవతలి వైపు. కాబట్టి నొక్కే ముందు ట్రేసింగు కాగితాన్ని తిరగేసి పెట్టాలి. తిరగేయకపోతే అవతలి వైపు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వెళ్లిపోతుంది, అద్దంలో బొమ్మలాగా. పనిలో చేరిన మొదటి వారమే మేడం చెప్పారు: "బేటా, ట్రేసింగ్ కాగితానికి కుడి పైమూల టిక్కు పెట్టుకో. ఆ టిక్కు ఎడమకు వచ్చినంక చక్రం పట్టు." రెండేళ్లు పెట్టాను. రెండేళ్లు పెట్టిన తర్వాత టిక్కు లేకున్నా చేయి దానంతటదే తిరగేస్తుందని నమ్మకం వస్తుంది. తప్పు అక్కడే కూర్చుని ఉంటుంది.

ఆ మ్యాపు ఒకమ్మాయి కోసం చేసింది. నాకంటే రెండేళ్లు చిన్న. సొంతూరు మహబూబ్‌నగర్ దిక్కు. అమ్మానాన్నలు అంబర్‌పేట్‌లో ఉంటూ ఇళ్ల కట్టుబడి పనులకు వెళ్లేవాళ్లు. తను పుట్టుకతోనే చూపు లేనిది, సోషల్‌లో బీఎడ్ చేసింది. టీచరు ఉద్యోగం కోసం అప్పటికి మూడు బళ్లకు వెళ్లివచ్చింది. మూడు చోట్లా ఒకటే మాట: "పాఠం మంచిగ చెప్తున్నవమ్మా, మరి బోర్డు వర్క్ ఎట్ల చేస్తవ్?"

నాలుగోది నారాయణగూడలో ఒక బడి. తెలుగు మీడియం సెక్షను ఇంకా మిగిలి ఉన్న కొద్ది బళ్లలో ఒకటి. ఏడో తరగతి పిల్లల ముందు ఇరవై నిమిషాలు పాఠం చెప్పి చూపించమన్నారు. పాఠం పేరు వాళ్లే ఇచ్చారు: పక్కపక్కన ఉన్న రెండు చిన్న భూపరివేష్టిత దేశాల భౌగోళిక పోలిక. సముద్రం తగలని దేశాలన్నమాట. ఏ రెండనేది అభ్యర్థి ఇష్టం.

"నేపాల్, భూటాన్ తీసుకుంటరు అందరు" అంది ఆమె.

"అవి పక్కపక్కన కాదు. మధ్యలో మన సిక్కిం ఉంది" అన్నాను. అట్లాసుల గురించైతే నాకు కాస్త మాట వస్తుంది. చిన్నప్పటి నుంచి కథల పుస్తకాల మధ్య దాచుకుని చదివింది అట్లాసే.

"మరి నువ్వు చెప్పు."

"రువాండా, బురుండి."

ఆమె రెండు పేర్లను నోట్లో చప్పరించినట్టు అని చూసుకుంది. "మంచిగున్నయ్ అక్కా. అక్కాచెల్లెండ్ల పేర్ల లెక్క ఉన్నయ్. మ్యాప్ చేసిస్తవా? నేను బోర్డు మీద గీస్త."

గీస్తానంది. నేను మొదట సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"బళ్లె మ్యాప్ పాయింటింగ్ వచ్చినప్పుడల్ల సారు ‘నువ్వు కూసో బిడ్డా, నీకు దాని బదులు వేరే ప్రశ్న ఇస్తం’ అంటుండె. పదేండ్లు కూసున్న. నాకు ఇండియా ఎట్లుంటదో కూడా తెల్వదు. ఒక్క మ్యాప్ గీసి చూపిస్త అక్కా. గప్పుడు అడగమను, బోర్డు వర్క్ ఎట్ల చేస్తవని."

ఆ వారం మేడం ఊళ్లో లేరు. ఉన్నా మ్యాపు తప్పొప్పులు ఆమె పట్టేవారు కాదు, ఆమె తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా ఆఫీసులో అట్లాసు తెరిచేది నేనొక్కదాన్నే. ఒకే మధ్యాహ్నం ఏడు మ్యాపులు చేయాల్సి వచ్చింది. రువాండా, బురుండి ఏడోది. టిక్కు పెట్టలేదు. తిరగేయలేదు.

ఇరవై రోజులు ఆమె దాన్ని నేర్చుకుంది. నల్లబల్ల ఎడమ అంచును ఎడమ చేత్తో పట్టుకునేది. అక్కడి నుంచి రెండు జానలు కొలిచి, కుడి చేత్తో సుద్దముక్క ఆనించి మొదలుపెట్టేది. పైన రువాండా. దాని నడుము కింద బురుండి. మధ్యలో ఉమ్మడి సరిహద్దు వంకరలు. ఒక పక్కన కివు సరస్సు. దాని కింది నుంచి రుసిజి నది జారి, అడుగున ఉన్న పొడవాటి టాంగన్యికా సరస్సులో కలుస్తుంది. గీత గీతకూ ఆగి, ఒళ్లో మ్యాపు తడుముకుని, మళ్లీ లేచేది. మొదట్లో రెండు దేశాలూ పిండిన గుడ్డల్లా వచ్చేవి. పది రోజులకు దేశాల్లా వచ్చాయి.

రెండో వారంలో ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే ఆపింది.

"అక్కా, ఒక్క డౌట్. టాంగన్యికా కాంగో దిక్కు అని నీ పాత జాగ్రఫీ రికార్డింగ్‌ల విన్న. మ్యాప్‌ల టాంజానియా దిక్కు తగులుతున్నది నాకు."

ఎదురుగా నిలబడి అడిగింది. నాకు వెళ్లిపోవాలనిపించింది. కాగితం తీసి చూడలేదు. "ఆ సరస్సు చాలా పొడుగు కదా. కింద టాంజానియా ఒడ్డు కూడా దానిదే. అందుకే అట్ల" అన్నాను.

అది అబద్ధం కాదు. సరస్సు తూర్పు ఒడ్డున టాంజానియా నిజంగానే ఉంది. ఒక నిజంతో ఒక తప్పును కప్పడం ఎంత సులువో ఆ రోజు నాకు తెలియలేదు.

"అచ్చా. నేనే ఉల్టా అనుకున్న" అంది ఆమె. తప్పు తనదే అనుకోవడం ఆమెకు బళ్లే అలవాటు చేసిపెట్టాయి. నేను దాన్ని వాడుకున్నాను.

ఇక ఆ శనివారం. పిల్లలందరికీ పనికొస్తుందని మేడం ఈ పోలికనే ఒక పాఠంగా రికార్డు చేయమన్నారు. బొంతల గదిలో మైకు ముందు కూర్చుని చదువుతున్నాను. రెండు దేశాలూ భూమధ్యరేఖకు కొంచెం దక్షిణాన, ఒకదాని కింద ఒకటి. విస్తీర్ణంలో దాదాపు సమానం, ఒక్కొక్కటి మన తెలంగాణలో సుమారు నాలుగో వంతు. రువాండాకు నాలుగు దేశాలు పొరుగు, బురుండికి మూడు. రువాండా వాయవ్య మూలన అగ్నిపర్వతాలు, నాలుగున్నర వేల మీటర్ల శిఖరం. బురుండిలో అంత ఎత్తు ఎక్కడా లేదు, దాని నైరుతి అంచు టాంగన్యికా నీళ్లలో దిగుతుంది. పడమటి పక్కన ఉత్తర దక్షిణాలుగా ఒక పర్వతశ్రేణి రెండు దేశాలనూ కలిపి కుట్టినట్టు నడుస్తుంది. దానికి పడమట పడిన వాన కాంగో నదికి, తూర్పున పడిన వాన నైలు నదికి...

పేజీ కదలకుండా ఎడమ చేయి పెట్టుకోవడం నా అలవాటు. కుడి చేయి ఊరికే పక్కనున్న మ్యాపు మీద ఉంది, అదే మ్యాపుకు రెండో ప్రతి. నోరు ‘నైరుతి’ అంటుంటే కుడి చేతి చూపుడు వేలు సరస్సు మీద ఉంది. సరస్సేమో కాగితానికి కుడి అడుగు మూలన ఉంది. అంటే ఆగ్నేయం.

నేను ఆగిపోయాను. రికార్డింగు ఆగలేదు. నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తూనే ఉంది, తర్వాత దాన్ని కత్తిరించాలని కూడా నాకు తోచలేదు.

ఆ మ్యాపులో కాంగో వైపు వాన నైలుకు వెళ్తోంది, నైలు వైపు వాన కాంగోకు వెళ్తోంది. అగ్నిపర్వతాలు ఈశాన్యానికి పోయాయి. పరీక్ష మంగళవారం పదిన్నరకు.

అప్పుడే లేచి ఫోన్ చేయాల్సింది. ఎందుకు చేయలేదని ఇప్పుడు అడిగితే ఒక్క కారణం చెప్పలేను. మొదటి గంట, ఇంకొకసారి సరిచూద్దాం అనుకున్నాను. రెండో గంట, మేడం ఏమంటారో అనుకున్నాను. సాయంత్రానికల్లా ‘ఇంతసేపు ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్నకు కూడా జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. చెప్పాల్సిన తప్పు ఒకటి ఉండేది, రాత్రికి రెండయ్యాయి.

ఆదివారం ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అడిక్‌మెట్‌లో మా ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్ వెలిగి ఆరిపోవడం చూశాను. ‘చెప్పాలి’ అని డైరీలో మళ్లీ రాశాను.

సోమవారం పొద్దున కింద బైండింగు అన్న దళసరి కాగితాల కట్ట ఇస్తూ నా ముఖం చూశాడు.

"ఏంది మేడం, పరేషాన్‌ల ఉన్నరు?"

"ఏం లేదన్నా. మీకెప్పుడైనా వెనకా ముందూ జిరాక్సు తిరగబడిందా?"

"వారానికోసారి. ముందు పేజీ నిలువు, ఎనక పేజీ తలకిందులు. పుస్తకమంత బర్బాద్."

"మరి ఏం చేస్తారు?"

"కస్టమర్‌కు నేనే చూపిస్త. తిడ్తడు. ఐదు నిమిషాలు. నేను చూపియ్యకుంటే ఇంటికాడ చూసుకుంటడు. గప్పుడు నెల రోజులు తిడ్తడు, సందు సందుకు చెప్పుకుంట." నవ్వాడు. "ఐదు నిమిషాలే నయం గదా మేడం?"

నయమే. ఆ ధైర్యంతో మెట్లెక్కాను. పైన ఆమె అప్పటికే నల్లబల్ల దగ్గర ఉంది. మేడం, మరో నలుగురు విద్యార్థులు కూర్చుని ఉన్నారు. చివరిసారి గీసి చూపిస్తోందట. ఎడమ అంచు పట్టుకుంది. రెండు జానలు. సుద్ద ఎక్కడా ఆగలేదు. ఒక్కసారి కూడా ఒళ్లో మ్యాపు వెతకలేదు. రెండు దేశాలూ అంత చక్కగా, అంత పూర్తిగా తప్పుగా బోర్డు మీద నిలబడ్డాయి.

మేడం చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతుల చప్పుడు విని ఆమె నా వైపు తిరిగి, "అక్క వచ్చింది" అని నవ్వింది.

ఆ రోజు రెండు పాఠాలు రికార్డు చేశాను. డైరీలో ఏమీ రాయలేదు.

మంగళవారం ఆమెకు తోడు వెళ్లే పని నాదే. అశోక్‌నగర్ హాస్టల్ నుంచి నడిచి చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌కు వచ్చాం. ఇస్త్రీ చీర కట్టుకుంది. మ్యాపును గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండు వేసి చంకలో పెట్టుకుంది. రైల్లో చెబుదామనుకున్నాను. చిక్కడపల్లి తర్వాతి స్టేషనే నారాయణగూడ. గొంతు సవరించుకునేలోపు తలుపులు తెరుచుకున్నాయి. జీవితంలో మొదటిసారి మెట్రో ఆలస్యంగా నడిస్తే బాగుండుననిపించింది.

బడిలో మమ్మల్ని వరండా బెంచీ మీద కూర్చోబెట్టారు. మా ముందు ఇంకో అభ్యర్థి లోపలికి వెళ్లాడు. అటెండరు వచ్చి "అర్ధగంట పడ్తది" అన్నాడు. ఆమె మ్యాపు విప్పి ఒళ్లో పరుచుకుంది. వేళ్లు సరిహద్దు వెంట నడవసాగాయి.

"మ్యాపు ఉల్టా ఉంది" అన్నాను.

వేళ్లు ఆగాయి. "పట్టుకున్నది ఉల్టానా?" కాగితాన్ని గుండ్రంగా తిప్పబోయింది.

"కాదు. చేయడమే. ఎడమది కుడికి పడింది. నేను తిరగేయకుండా నొక్కాను. సరస్సు కాంగో వైపే."

లోపల్నుంచి ఆ అభ్యర్థి గొంతు వినబడుతోంది, నేపాల్ గురించి.

"నేనడిగిన గదా అక్కా" అంది. గట్టిగా అనలేదు. "మెట్ల కాడ అడిగిన. ఏమన్నవ్ నువ్వు?"

"చూడకుండా చెప్పాను."

"చూడకుంట. కండ్లుండి." ముఖం పక్కకు తిప్పేసుకుంది. తర్వాత అడిగింది, "ఎప్పుడు చూసినవ్ ఇది?"

అదే చోటు. అక్కడ నిజం చెప్పి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

"పొద్దున. బయల్దేరేముందు" అన్నాను.

ఆమె మ్యాపును బోర్లా తిప్పింది. చుక్కలు కిందికి, గుంటలు పైకి. చూపుడువేలి గోటిని గుంటల్లో పెట్టి నెమ్మదిగా లాగింది. నాకప్పుడు వెలిగింది. తిరగేయకుండా నొక్కిన కాగితానికి నొక్కిన వైపు ఉన్నదే సరైన మ్యాపు. మూడు రోజులు కుమిలిపోయాను గానీ, కాగితాన్ని తిప్పి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

"గుంటలు సరిగ తెలుస్తలేవ్" అంది. "కానీ ఉన్నయ్."

రెండుసార్లు అటూ ఇటూ తిప్పింది. ఒక చేయి పైన, ఒక చేయి కింద పెట్టి కాగితాన్ని రొట్టెలా మధ్యన పట్టుకుంది. తర్వాత కాగితం నాకిచ్చి గాలిలోకి రెండు చేతులూ లేపింది. కుడి చేయి తనకు వచ్చిన గీత గీస్తోంది. ఎడమ చేయి దానికెదురుగా, అద్దంలో మనిషిలా, అదే గీతను అవతలికి గీస్తోంది.

"కుడి చెయ్యి బయటికి పోయినప్పుడు ఎడమ చెయ్యి బయటికి పోవాలె. గంతే గదా?"

"అంతే" అన్నాను.

"అట్లయితే బోర్డు కుడి అంచు పట్టుకోవాలె. సక్కగ కుడి అంచు కాడికి తీస్కపో నన్ను. ఇంకేం మాట్లాడకు."

తరగతిలో నలభై మంది పిల్లలు. వెనక బెంచీలో హెడ్‌మిస్ట్రెస్, ఆమె పక్కన తల నెరిసిన సోషల్ సారు. నేను తలుపు పక్కన గోడకు అతుక్కుని నిలబడ్డాను.

"మన తెలంగాణకు సముద్రం ఉన్నదా?" అని మొదలుపెట్టింది.

"లేదు మేడం!"

"మరి మీరు చేపలు తింటలేరా?"

పిల్లలు నవ్వారు. వాళ్లు నవ్వుతుండగా కుడి చేత్తో కుడి అంచు పట్టుకుని, రెండు జానలు కొలిచి, ఎడమ చేత్తో సుద్ద ఆనించింది. మొదటి గీతకే సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతోనే సాగింది. గీత వణికింది. సోమవారం నాటి నునుపు లేదు. కానీ కివు పడమటికి వచ్చింది. రుసిజి పడమటి అంచున దిగింది. టాంగన్యికా నైరుతిన పడింది. "ఇటు టాంజానియా, ఇటు కాంగో" అంటూ బోర్డును రెండు వైపులా తట్టింది.

ముందు వరసలో ఒక పాప చేయెత్తింది, తర్వాత ఎత్తినా లాభం లేదని తెలిసినట్టు నోటితోనే అడిగింది. "మేడం, గీత వంకర టింకర ఉన్నది."

"ఆ దేశమంత గుట్టలే బిడ్డా. సక్కటి గీత గీస్తే అది రువాండా కాదు, పరేడ్ గ్రౌండ్."

వెనక సారు నవ్వడం వినిపించింది. తర్వాత పర్వతశ్రేణి గురించి చెప్పడానికి పిల్లల వైపు తిరిగింది. "నేనే ఆ గుట్ట అనుకోండ్రి. నా నెత్తి మీద వాన పడ్డది. ఈ భుజం మీది నీళ్లు కాంగోకు పోతయ్" అని ఎడమ భుజం తట్టుకుంది.

ఆమె పిల్లల వైపు తిరిగి ఉంది. ఎడమ భుజం తూర్పు వైపుంది. ఇరవై రోజుల పాత మ్యాపు ఒక్కసారిగా ఒంట్లోంచి లేచి వచ్చింది.

మూడో వరసలో ఒకడు లేచాడు. "మేడం, అటు టాంజానియా అన్నరు గదా మీరే."

ఆమె ఆగింది. చేయి భుజం మీదే ఉంది. నేను ‘కుడి’ అని అరవొచ్చు. ఆమె మాట్లాడొద్దంది. మాట్లాడొద్దన్నందుకు నాకు కలిగిన తేలికకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"శభాష్" అంది. "నేనెందుకు తప్పిన చెప్పు?"

వాడు ఆలోచించాడు. "మీరు మా దిక్కు తిరిగిన్రు మేడం."

"గంతే. మ్యాప్ తిరగలే, నేను తిరిగిన. బోర్డు దిక్కు ఉన్నప్పుడు కుడి భుజం టాంజానియా. మీ దిక్కు తిరిగితే అదే భుజం కాంగో. అందుకే కుడి ఎడమ అనొద్దు. తూర్పు పడమర అనాలె. మనం తిరిగినా అవి తిరగవ్." కుడి భుజం తట్టుకుంది. "ఈ పడమటి భుజం నీళ్లు కాంగోల వడి అట్లాంటిక్‌కు. తూర్పు భుజం నీళ్లు నైలుల వడి మధ్యధరాకు. సముద్రం లేని దేశాలు రెండు సముద్రాలకు నీళ్లు పంపుతున్నయ్."

అది ముందే అనుకున్నదా, అప్పటికప్పుడు పుట్టిందా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

చివర్లో సారు లేచాడు. "అమ్మా, ఈ రెండింటికి తేడా ఒక్క ముక్కల చెప్తవా?"

"రువాండాకు నెత్తి ఎత్తు సార్. బురుండికి కాళ్లు నీళ్లల్ల."

సారు ముందుకు వచ్చి బోర్డు ముందు కాసేపు నిలబడ్డాడు. "నువ్వు ఎడమ చేతివాటమా?" అని అడిగాడు.

"ఇయ్యాల ఒక్కనాడే సార్" అంది.

వారానికి కబురొచ్చింది. ఒక టర్ము చూస్తామన్నారు. చూశారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆఫీసులో మేడం మా అందరికీ మైసూర్‌పాక్ పంచి, నన్ను లేపి నిలబెట్టారు. "పొద్దున పొద్దున్నే తప్పు పట్టి, సమయానికి చెప్పి ఆ పిల్లను కాపాడింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు సోమవారం చప్పట్లకంటే బరువుగా ఉన్నాయి. ఆమె కూడా అక్కడే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు సాంకేతికంగా నేను చెప్పగలిగింది ఒక్కటే: టిక్కు పెట్టండి. ఇరవయ్యో ఏట కూడా పెట్టండి. ఎవరైనా తడిమి చూసి ‘ఇది తేడాగా ఉంది’ అంటే, జవాబు చెప్పే ముందు కాగితం చేతిలోకి తీసుకోండి. మిగతాది నేను చెప్పేది కాదు, చెప్పించుకున్నది.

మరుసటి ఏడాది నాకు వేరే చోట ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. చివరి రోజు బడి అయ్యాక ఆమె వచ్చింది. చంకలో ఆ మ్యాపు గొట్టమే. నాకే ఇచ్చేసింది. ఈ పనిలో నాలాంటివాళ్లు ఇంకెవరైనా చేరితే చూపించమంది. కిందిదాకా దిగబెడతానన్నాను. వద్దని, కమ్మీ పట్టుకుని నాలుగు మెట్లు దిగి, సరిగ్గా ఆ రోజు నన్ను ఆపిన మెట్టు మీదే నిలబడింది.

"అక్కా, శనివారం చదివినవ్ చూడు, రువాండా పాఠం. ‘నైరుతి’ కాడ ఆగినవ్. మస్తుసేపు ఆగినవ్. అటెనక సోమవారం చదివిన రెండు పాఠాలు కూడా విన్న. గది నీ గొంతు కాదు."

నేను కమ్మీ పట్టుకున్నాను.

"ఎప్పుడు విన్నావ్?" అన్నాను.

"పోయినేడే. ఆ వారమే విన్న." ఇంకో రెండు మెట్లు దిగింది. సందులోంచి జిరాక్సు మిషను చప్పుడు వస్తోంది. దాన్ని దాటి వినిపించేలా తల కొంచెం పైకెత్తి అంది:

"శనివారమే చెప్తే నాకు మూడు రోజులు ప్రాక్టీస్ దొరుకుతుండె గదా అక్కా."